నడుం నొప్పి ఉంటే నర్సింగ్ మానేయాలా?

ప్రశ్న: మాది రాయగడ దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బరంపురంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. వయసు 20. ఎనిమిది నెలల కిందట వార్డులో ఒక పేషెంటును మంచం మీద పైకి జరుపుతుంటే నడుం పట్టేసింది. వారంలో తగ్గింది గానీ మళ్ళీ వచ్చింది, ఇక పోలేదు. ఇప్పుడు మెడ, భుజాలు కూడా లాగుతున్నాయి. నైట్ డ్యూటీ వారంలో మరీ ఎక్కువ. డ్యూటీకి ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఓర్చుకోలేనప్పుడు రూమ్మేట్ చేత డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేయించుకుంటున్నాను. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని రాశారు. సీనియర్లు ‘నర్సింగంటే ఇంతే, అలవాటైపోతుంది’ అంటున్నారు. అమ్మానాన్నలేమో ‘నడుం పోతే రేపు పెళ్ళెలా అవుతుంది, మానేసి వచ్చేయ్’ అంటున్నారు. సెలవు పెడితే క్లినికల్ అటెండెన్స్ పోతుంది. నేను ఈ వృత్తికి పనికిరానా?
– ఒక విద్యార్థిని, బరంపురం

సమాధానం: పనికిరారని చెప్పడానికి మీ ఉత్తరంలో ఒక్క కారణమూ లేదమ్మా. మనుషుల్ని ఎత్తి దించే పని, రాత్రి డ్యూటీలు, సరిపోని నిద్ర. వీటి మధ్య పట్టేసిన నడుం కోలుకోవడానికి ఎనిమిది నెలలుగా వ్యవధే దొరకలేదు. సీనియర్లు చెప్పినట్టు పళ్ళు బిగించి ఓర్చుకోవడం తప్పు. అన్నీ మానేసి ఇంటికెళ్ళి మంచమెక్కడమూ తప్పే. మొదటిది నడుం మీద బరువును అలాగే ఉంచుతుంది, రెండోది కండరాలను నీరసపరుస్తుంది. చేయవలసింది పనిని కొలిచి మార్చుకోవడం, ఒంటిని మెల్లగా బలపరచుకోవడం.

దానికి ముందు కొన్ని జబ్బులు లేవని తేల్చుకోవాలి. ఎమ్మారై తీశారు కదా అన్నీ తేలిపోయాయనుకోవద్దు. నడుముకు తీసిన ఎమ్మారైలో తుంటి కీళ్ళు, వీపు పైభాగం సరిగా కనబడవు.

మొదట అత్యవసరమైనవి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం, నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోవడం. వీటిలో ఏది కనబడినా ఓపీ రోజు కోసం ఆగకండి, అర్ధరాత్రయినా మెడికల్ కాలేజీ క్యాజువాలిటీకి వెళ్ళండి. వెన్ను చివర నరాల కట్ట నలిగితే గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

రెండోది క్షయ. మీరు చెస్ట్ వార్డులోనూ పని చేస్తారు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, పడుకున్నా తగ్గని నొప్పి, వెన్నుపూస మీద వేలితో తడితే ఒకేచోట గట్టిగా నొప్పి ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు.

మూడోది మీ వయసులోనే మొదలయ్యే కీళ్ళవాతం, ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. దీని నడక వేరు. పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుం కొయ్యబారినట్టుంటుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. ఆడపిల్లల్లో దీన్ని ‘పని ఒత్తిడి’ అని ఏళ్ళ తరబడి వదిలేయడం జరుగుతోంది. మీ నొప్పి ఇలా ఉంటే ఈఎస్ఆర్, సీఆర్పీ, హెచ్ఎల్ఏ-బి27 పరీక్షలు, తుంటి వెనక కీళ్ళకు విడిగా ఎమ్మారై అవసరమవుతాయి.

నాలుగోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. మీరు రాయగడ వైపు వారు కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాం. ఒడిశా పశ్చిమ, దక్షిణ జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్ల లోనూ ఈ జబ్బు ఎక్కువ. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వారికి పరీక్ష చేస్తున్నారు. ఎముకల్లో నొప్పి రావడం, నీళ్ళు తక్కువ తాగిన రోజున, చలి రాత్రి, జ్వరం వచ్చినప్పుడు అది ఎక్కువవడం, కళ్ళు పచ్చబడడం, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నొప్పులుండడం దీని ఆనవాళ్ళు. గజ్జలో నొప్పి ఉండి బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతుంటే తొడ ఎముక తలకు రక్తం అందడం లేదేమో చూడాలి. మొదట చేసే సాల్యుబిలిటీ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే జబ్బు ఉందో, ఒక్క జన్యువే ఉన్న ట్రెయిటో తెలియదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేస్తేనే తేలుతుంది. ట్రెయిట్ మాత్రమే ఉంటే మీ నడుం నొప్పికి కారణం వేరే చోట వెతకాలి.

ఇవి కాక హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, ఒళ్ళు నొప్పులు, నీరసం దానివల్లా వస్తాయి. విటమిన్ డి 20 నానోగ్రాముల లోపుంటే డాక్టరు 60,000 యూనిట్ల మందు వారానికి ఒకటి చొప్పున రాస్తారు. దాన్ని పొరపాటున రోజూ తాగి రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో ఆసుపత్రిలో చేరేవాళ్ళున్నారు. వారానికి ఒక్కటే. నొప్పి నెలసరితో పాటే వచ్చిపోతున్నా, పక్కడొక్కలో ఉండి మూత్రం మంటగా వస్తున్నా అది వేరే దారి. డ్యూటీలో బాత్రూం ఇబ్బందని నీళ్ళు తాగకుండా ఉండే విద్యార్థినుల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ తరచుగా వస్తుంది.

ఇక డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కొంచెం బయటికి ఉబ్బడం. ఆ కాగితం మీ ఇంట్లో అందరినీ భయపెట్టింది. నొప్పి అన్నదే లేని మనుషులకు తీసిన స్కాన్లన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. 20 ఏళ్ళ వయసువారిలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి బల్జ్ కనబడ్డాయి. వాళ్ళెవరికీ నొప్పి లేదు. కాబట్టి మీ క్లాసులో పిల్లలందరికీ స్కాన్ తీస్తే, నొప్పే లేని ఎంతోమంది కాగితాల మీద కూడా ఇదే మాట ఉంటుంది. నొప్పి పిరుదు దాటి మోకాలి కిందికి, పాదం దాకా కరెంటులా జాలువారుతూ, తిమ్మిరి లేదా బలహీనత తోడైతేనే ఆ బల్జ్ ఒక నరాన్ని నొక్కుతోందేమోనని ఆలోచించాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు. ఆ స్కాన్‌ను మళ్ళీ మళ్ళీ తీయించుకోనక్కర లేదు.

మరి దెబ్బ మానిపోయి ఉంటే నొప్పి ఎందుకు పోలేదు? కండరం, లిగమెంటు బెణికితే సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల్లో మానుతుంది. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది, దాని లెక్క వేరు. ఒకసారి దొంగ పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది. వెన్నుపాములో, మెదడులో నొప్పి కబురు మోసే వ్యవస్థ కూడా అలాగే అతిజాగ్రత్తకు అలవాటు పడుతుంది. మొదట బరువెత్తితేనే వచ్చిన నొప్పి ఇప్పుడు మామూలుగా వంగినా వస్తుంది, పక్కనున్న మెడకూ భుజాలకూ పాకుతుంది. ఇది ఊహించుకున్న నొప్పి కాదు, పూర్తిగా నిజమైన నొప్పే. కాకపోతే నొప్పి పుట్టిన ప్రతిసారీ లోపల ఏదో చిరుగుతోందని అర్థం కాదు. నిద్ర తక్కువైతే ఈ అతిజాగ్రత్త పెరుగుతుంది, భయం దాన్ని ఇంకా పెంచుతుంది. నైట్ డ్యూటీ వారంలో మీకు ఎక్కువవడానికి కారణం ఇదే.

మందుల గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. హాస్టల్ గదిలో రూమ్మేట్ చేత డైక్లోఫెనాక్ ఇంజక్షన్లు ఈ రోజు నుంచే ఆపేయండి. 75 మిల్లీగ్రాముల ఇంజక్షన్ ఒకటి రెండు రోజుల తీవ్రమైన నొప్పి కోసం ఉన్నది, నెలల తరబడి వాడేది కాదు. పిరుదులో చోటు తప్పితే సయాటిక్ నరం దెబ్బతిని పాదం వాలిపోతుంది. ఒకే చోట పదే పదే పొడిస్తే చీముగడ్డ కడుతుంది. మాత్రయినా ఇంజక్షనయినా రోజంతటికీ కలిపి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. అది కూడా ఏదైనా తిన్నాకే, కొద్ది రోజులకే. ఏమీ తినకుండా, నీళ్ళు తాగకుండా డ్యూటీ చేస్తూ ఈ మాత్రలు మింగితే పొట్టలో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మీరు చదువుకున్న ఫార్మకాలజీ మీ ఒంటికీ వర్తిస్తుంది.

ఇంకో పొరపాటు కలయిక మాత్రల్లో జరుగుతుంది. ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిపిన మాత్ర ఒకటి వేసుకుని, తగ్గలేదని పారాసెటమాల్ 650, దానిమీద ఇబుప్రొఫెన్. పేర్లు వేరైనా ఇందులో ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ రెండూ ఒకే జాతివి. వాటిని కలిపితే నొప్పి రెట్టింపు తగ్గదు, హాని మాత్రం పెరుగుతుంది. పారాసెటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠం, 50 కిలోల లోపు బరువుంటే అంతకంటే తక్కువ. నెలలో 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు వేసుకుంటూ మూడు నెలలు గడిస్తే తలనొప్పి వచ్చే తత్వం ఉన్నవారిలో ఆ మాత్రల వల్లే అది ముదరవచ్చు. మెడ లాగుతోందన్నారు, తలనొప్పి కూడా ఉందేమో గమనించండి. ట్రమడాల్ జోలికి అసలు పోవద్దు. అది 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది, అలవాటు పడుతుంది. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే సంతోషించకండి, అనుమానించండి.

డాక్టరు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు గానీ, డులోక్సెటిన్ గానీ రాస్తే ‘ఇవి డిప్రెషన్ మందులు కదా’ అని పక్కన పెట్టకండి. చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ నరాల అతిస్పందనను తగ్గించి నిద్ర పట్టిస్తుంది. పని మొదలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో పొద్దున మత్తుగా ఉండవచ్చు కాబట్టి నైట్ డ్యూటీ లేని వారంలో మొదలుపెట్టమని డాక్టరును అడగండి. నడుం బెల్టు వల్ల లాభం లేదు. బెల్టు కట్టుకున్న ధీమాతో ఇంకా ఎక్కువ బరువెత్తడమే జరుగుతుంది.

ఇప్పుడు వార్డులోకి వద్దాం, ఎందుకంటే అసలు మార్పు అక్కడే రావాలి. ఫౌండేషన్ క్లాసులో బాడీ మెకానిక్స్ చెప్పేటప్పుడు నడుం నిటారుగా, మోకాళ్ళు వంచి ఎత్తండి అని నేర్పుతారు. ఆ ఒక్క పాఠం నర్సుల నడుం నొప్పిని తగ్గించలేదని పరిశోధనలు తేల్చాయి. మనిషి పెట్టె కాదు. పట్టుకోవడానికి పిడి ఉండదు, బరువు ఒకచోట ఉండదు, మధ్యలో కదులుతాడు. అన్నీ అనుకూలంగా ఉన్న చోట మామూలు వస్తువును ఎత్తడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన పరిమితి 23 కిలోలు. రోగిని ఎత్తే పనికి వచ్చేసరికి అక్కడి నిపుణులు దాన్ని సుమారు 16 కిలోలకు దించారు. 50 కిలోల మనిషి ఒక్క కాలే 8 కిలోలుంటుంది. బట్టలు మార్చడానికి ఆ కాలిని చేయి చాచి పట్టుకుంటే నడుం మీద పడే భారం అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఎత్తడం కాదు, జరపడం, దొర్లించడం నేర్చుకోవాలి. మీ నడుం పట్టేసిన ఆ ఒక్క పనినే ఉదాహరణగా తీసుకుందాం.

పేషెంటు మంచం కిందికి జారిపోయాడు, పైకి తేవాలి. ముందు మంచం చక్రాలకు బ్రేకు వేయండి. కాళ్ళ వైపున్న హ్యాండిల్ తిప్పి వీపు భాగాన్ని పూర్తిగా చదును చేయండి. వీపు లేపి ఉంచి పైకి లాగితే కొండ మీదికి లాగినట్టే, చాలామంది నడుం పట్టేసేది ఈ ఒక్క తొందర వల్లే. ఊపిరాడని పేషెంటయితే చదును చేసేముందు సిస్టర్‌ను అడగాలి. తలగడ తీసి మంచం తలవైపు కమ్మీకి ఆనించి పెట్టండి, తల తగలకుండా. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా మడతపెట్టిన దుప్పటి రోగి కింద ఉండాలి. అటొకరు, ఇటొకరు. దుప్పటి అంచులను రోగి ఒంటికి ఆనేదాకా చుట్టి, అరచేతులు పైకి ఉండేలా పట్టుకోండి. చేతులు దూరంగా ఉంటే ఆ దూరమంతా నడుమే మోస్తుంది. కాళ్ళు వెడల్పుగా పెట్టి, తలవైపు పాదం ముందుకు, రెండోది వెనక్కి. రోగి మోకాళ్ళు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, మడమలతో నెట్టాలి. ఒకటి, రెండు, మూడు అని ఒక్కరే లెక్కపెట్టాలి. మూడు అనగానే వెనక కాలి మీది బరువును ముందు కాలి మీదికి మార్చండి. చేతులతో లాగరు, మీ ఒంటి బరువే లాగుతుంది. ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతల్లో జరపండి.

రోగి సహకరిస్తే మీ భారం చాలా తగ్గుతుంది. అయితే ‘మోకాలు వంచండి, నెట్టండి’ అన్న మాట ఆయన భాషలో చెప్పాలి. మీ వార్డుకు ఒడియా వాళ్ళే కాదు, సవరలు, కువి మాట్లాడే వాళ్ళు, ఇచ్ఛాపురం, సోంపేట నుంచి మన తెలుగు వాళ్ళు కూడా వస్తారు. ఈ నాలుగైదు మాటలు ఒక్కో భాషలో వార్డు ఆయాను అడిగి జేబు డైరీలో రాసుకోండి. అటెండెంటును పక్కకు పొమ్మనకండి. దుప్పటి ఎలా పట్టుకోవాలో చూపించి రెండో మనిషిగా వాడుకోండి. రేపు ఇంట్లోనూ ఆ పని వాళ్ళకు తప్పదు.

రోగిని సులువుగా జరపడానికి కింద పరిచే నున్నటి స్లైడ్ షీట్లు లేని వార్డుల్లో ఒక ఉపాయం ఉంది. కొత్త, వాడని పెద్ద పాలిథిన్ సంచిని రోగిని పక్కకు దొర్లించి దుప్పటి కింద పరిస్తే రాపిడి చాలా తగ్గుతుంది. బయోమెడికల్ వ్యర్థాల రంగు సంచులు వాడకూడదు. ఒక రోగికి వాడింది ఇంకొకరికి వాడకూడదు. జరపడం అయిపోగానే తీసేయాలి, లేకపోతే రోగి మంచం మీంచి జారిపోతాడు. రబ్బరు మాకింతోషు మాత్రం దీనికి పనికిరాదు, అది చర్మానికీ దుప్పటికీ అతుక్కుంటుంది.

చంకల కింద చేతులు వేసి ఎత్తడం మానేయండి, రోగి భుజం జారుతుంది, మీ నడుం విరుగుతుంది. రోగిని మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వకండి. మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు కుర్చీని బలమున్న వైపు కొంచెం ఏటవాలుగా పెట్టి, మడతపెట్టిన టవలును ఆయన నడుం చుట్టూ వేసి దాన్ని పట్టుకోండి. ఆయన పాదాలు వెనక్కి, ముక్కు కాలివేళ్ళ దాకా ముందుకు వచ్చాక లేవమనండి. అప్పుడు దాదాపు తనంతట తానే లేస్తాడు. మీరు తిరగాల్సింది పాదాలతో, నడుంతో కాదు. బెడ్‌పాన్ పెట్టడానికి ఎత్తక్కర లేదు, పక్కకు దొర్లించి పాన్ ఆనించి తిరిగి దొర్లిస్తే చాలు. పడిపోతున్న మనిషిని మాత్రం ఎప్పుడూ పట్టి ఆపబోకండి. ఆనుకుని మెల్లగా నేలకు జార్చండి, తల మాత్రం కాపాడండి.

నేల మీద పడుకున్న రోగులకు బీపీ చూసేటప్పుడు, సెలైన్ పెట్టేటప్పుడు మోకాళ్ళు వంచకుండా నిలబడి నడుం దగ్గర వంగడం అన్నిటికంటే చేటు. మడతపెట్టిన గుడ్డ వేసుకుని ఒక మోకాలి మీద కూర్చోండి. ట్రే మీ ముందే ఉండాలి, పక్కకు తిరిగి అందుకునేలా కాదు. ఆ రోగికి చేయాల్సినవన్నీ ఒకేసారి ముగించి లేవండి. మంచం పక్కన డ్రెస్సింగ్ పది నిమిషాలు పట్టేదైతే స్టూలు తెచ్చుకుని కూర్చోండి. సిస్టర్ కోప్పడుతుందని భయపడేవాళ్ళున్నారు. కూర్చుని చేస్తే చేయి వణకదని, డ్రెస్సింగ్ శుభ్రంగా వస్తుందని చెప్పండి, అది నిజం కూడా. పక్క సర్దేటప్పుడు ఒక వైపు పూర్తిగా ముగించి రెండో వైపు వెళ్ళండి.

వార్డు బయట బరువులు కూడా తక్కువేం కాదు. నీళ్ళు పై అంతస్తుకు మోసుకుంటున్నట్టయితే 20 లీటర్ల బకెట్ ఒకటి కాకుండా చేతికి సగం నింపిన బకెట్ చొప్పున రెండు తీసుకెళ్ళండి, బరువు రెండు వైపులా సమానంగా పడుతుంది. కేస్ రికార్డులు, చార్టులు మంచం మీద బోర్లా పడుకుని రాయడం మీ మెడ నొప్పికి పెద్ద కారణం కావచ్చు. మెస్ బల్లయినా సరే, బల్ల మీద రాయండి, అరగంటకొకసారి లేవండి. తెల్లబూట్లు అట్టలా గట్టిగా ఉంటే లోపల మెత్తటి సోల్ వేయించండి. పొద్దున మొదటి అడుగుకే మడమ పొడిచినట్టుంటే అది మడమ కింది పట్టీ నొప్పి, బండ నేల మీద వట్టికాళ్ళతో నడవకుండా పిక్కలు సాగదీస్తే తగ్గుతుంది. చెక్క మీదే పడుకోవాలన్న మాట నమ్మకండి. మరీ గట్టిదీ మరీ మెత్తదీ కాని పరుపు మేలు. మెస్‌లో దొరక్కపోతే ఇంటి నుంచి చోడిపిండి తెచ్చుకోండి, 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నొప్పికి అది మందు కాదు గానీ ఎముకకు అవసరం. తప్తపాణి ఘాటీ మీదుగా బస్సులో ఇంటికి వెళ్ళేటప్పుడు బరువు బ్యాగు ఒళ్ళో పెట్టుకోకుండా, బస్సు ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు నడవండి.

నైట్ డ్యూటీ ఉన్న రోజు సాయంత్రం గంటన్నర పడుకుని వెళ్ళండి. రాత్రి రెండు దాటాక టీ వద్దు, కెఫీన్ సగం వదలడానికే అయిదు గంటల దాకా పడుతుంది. పొద్దున గదికి రాగానే ఫోను తీయకుండా, కిటికీకి నల్లటి గుడ్డ కట్టి, ఫ్యానేసుకుని పడుకోండి.

వ్యాయామం మందు లాంటిదే, మోతాదు ముఖ్యం. నొప్పి లేని రోజు గంటసేపు చేసి, మర్నాడు లేవలేక నాలుగు రోజులు మానేయడం అందరూ చేసే తప్పు. దీనివల్ల నరాలకు ప్రతిసారీ ప్రమాద సంకేతమే అందుతుంది. మంచి రోజైనా చెడ్డ రోజైనా ఒకే మోతాదు చేయండి. మొదటి రెండు వారాలు రోజూ రెండుసార్లు పది నిమిషాల నడక. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు రెండు నిమిషాల చొప్పున పెంచుతూ అరగంటకు చేరండి. దీనితో పాటు చేతులు మోకాళ్ళ మీద ఉండి వెన్నును మెల్లగా పైకి, కిందికి వంచడం 8 సార్లు. అదే భంగిమలో కుడిచేయి, ఎడమకాలు చాచి 5 సెకన్లు ఆపడం, తర్వాత రెండోవైపు, ఒక్కో వైపు 6 సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు వంచి పిరుదులు లేపడం 8 సార్లు, రెండు విడతలు. మోకాళ్ళ మీద ఆని పక్కకు పలకలా నిలవడం 10 సెకన్లు, ఒక్కో వైపు 3 సార్లు. అంతా కలిపి పావుగంట పట్టదు. లేచిన గంటలోపు లోతుగా ముందుకు వంగే ఆసనాలు వద్దు, రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. పదికి నొప్పి ఎంత అని మీ రోగులను అడుగుతారు కదా, మిమ్మల్నీ అడుక్కోండి. వ్యాయామంలో నొప్పి రెండు పాయింట్ల దాకా పెరిగి మర్నాటి పొద్దుటికి పాత చోటికి వస్తే సరైన మోతాదే. రాకపోతే సగానికి తగ్గించండి, మానకండి. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదట నొప్పి తగ్గదు, చేయగలిగే పని పెరుగుతుంది, నొప్పి ఆ తర్వాత తగ్గుతుంది.

అటెండెన్స్ గురించి మీ భయం ఉత్తినే పుట్టింది కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు చాలు గానీ, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. పోగొట్టుకున్న డ్యూటీ తర్వాత చేయాల్సిందే. అందుకే పిల్లలు నొప్పి దాచుకుంటారు, దాచుకున్నందువల్లే అది ముదురుతుంది. కాబట్టి డాక్టరును ‘రెస్టు’ కాగితం అడగకండి. ‘నాలుగు వారాలు ఒంటరిగా పది కిలోలకు మించి ఎత్తకూడదు, రోగిని కదిలించడంలో తప్పకుండా రెండో మనిషి ఉండాలి, మిగతా డ్యూటీ అంతా చేయవచ్చు’ అని రాయించుకోండి. దానితో క్లాస్ కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్ళి, రొటేషన్ ప్లాన్‌లో మీ ఆర్థో, ఐసీయూ వంటి బరువు పోస్టింగులను వెనక్కి, ఓపీడీ, సైకియాట్రీ పోస్టింగులను ముందుకు మార్చమని రాతపూర్వకంగా అడగండి. గంటలు తగ్గవు, వరస మాత్రమే మారుతుంది. ఇది ఒప్పుకోవడం కాలేజీకి కష్టం కాదు. ఒక్కరే అడిగితే సాకు అనుకుంటారేమోనని అనిపిస్తే మీ బ్యాచ్‌లో నొప్పి ఉన్నవాళ్ళను కూడగట్టండి, మీరొక్కరే ఉండరు. వార్డుకు రెండు స్లైడ్ షీట్లు, కూర్చోవడానికి స్టూళ్ళు కావాలని కూడా ఆ దరఖాస్తులోనే రాయండి. పిల్లల చేత బరువెత్తించే సంస్థ వాళ్ళ నడుముకూ బాధ్యత వహించాలి.

అమ్మానాన్నలకు ఎమ్మారై గురించి మేం చెప్పిన లెక్క చదివి వినిపించండి. డిస్క్ బల్జ్ పెళ్ళికీ, కాన్పుకూ అడ్డం కాదు. ఇంట్లో మాటలు పడలేక, నిద్ర పట్టక, దేనిమీదా మనసు నిలవకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఈ వారంలో హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలకు రక్తం ఇచ్చి, మెడికల్ కాలేజీలో ఆర్థో ఓపీ చూపించుకుని ఫిజియోథెరపీకి రాయించుకోండి. మీరు వేసుకున్న మాత్రలన్నిటి పేర్లు, మోతాదు, ఎన్ని రోజులు అన్నది ఒక చీటీ మీద రాసి డాక్టరుకు ఇవ్వండి, ఇంజక్షన్ల సంగతి దాచకండి. ఆరు వారాలయ్యాక ఏం మారింది, ఏం మారలేదు అన్నది మాకు మళ్ళీ రాయండి. ఈలోగా నొప్పి మోకాలి కిందికి దిగినా, కాలు తిమ్మిరెక్కినా మా జవాబు కోసం చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.